బొటనవేలి ఒప్పందం

మల్కాపురం సందులో దాలయ్య షెడ్డు.
నేల మీద సుద్దముక్కతో సైకిలు గీస్తాడు,
అసలు కొలతకి అసలు కొలత.
షిప్‌యార్డులో ఓడ పక్కటెముకల్ని ఇలాగే గీసేవారట,
హాలు నిండా, మోకాళ్ళ మీద పాక్కుంటూ.
"కాయితం మీద సిన్నగా గీస్తే
తప్పు కూడా సిన్నగానే కనిపిస్తాదమ్మా."

నేను పొట్టిదాన్ని. నాలుగడుగుల పదంగుళాలు.
కొట్లో కొన్న ప్రతి సైకిలూ
ఎవరో పొడుగాటి మనిషి చొక్కా తొడుక్కున్నట్టే ఉండేది.
హ్యాండిలు అందుకోడానికి నడుం సాగి సాగి
డ్యూటీ దిగేసరికి మెడలో రాయి.
ఆఖరున కొన్న అల్యూమినియం బండయితే
బీచ్‌రోడ్డులో ప్రతి గులకరాయి పేరూ
మణికట్టుకి చదివి వినిపించేది.
పసిపిల్లల నరం వెతికి రక్తం తీసే చేతులివి,
వణికితే కుదరదు.

దాలయ్య ముందు నా ఎత్తు అడగలేదు.
"రోజూ ఎక్కడం ఎక్కువా, దిగడం ఎక్కువా?"
జాలరిపేట నించి పెద్దాసుపత్రికి ఎక్కుతాను,
అదే దారిలో దిగుతాను,
రెండూ సమానమే కదా అన్నాను.
గ్యాసు మంట ఆర్పి మరీ నవ్వాడు.
"దూరం సమానం. కాలం సమానమేటి?
పావుగంట ఎక్కుతావు, రెండు నిమిషాల్లో జారిపోతావు.
నేను ఆ పావుగంటకి కట్టాలి బండి."

"తలగొట్టం వెనక్కి వాలిస్తే
దిగుడులో పట్టా మీద రైలులాగ తిన్నగా పోతాది.
ఎత్తులో, నడక జోరులో మాత్రం
హ్యాండిలు తాగినోడి తలకాయే, ఇటొకసారి అటొకసారి.
నిటారుగా నిలబెట్టాననుకో, సెప్పిన మాట వింటాది.
దిగుడులో సెప్పని మాట కూడా వింటాది.
తుమ్మితే లైను మారిపోద్ది."

వెనక గొట్టాలు రెండు వేళ్ళు పొడుగుంచాడు,
కారియర్ మీది డబ్బా మడమకి తగలకుండా.
స్టీలు సన్నటిది ఎంచాడు.
ఉప్పుగాలి లోపలినించి తినేస్తుందని
గొట్టాల్లో నూనె పోసి
రాత్రంతా దూలానికి తలకిందులుగా వేలాడేశాడు.

ముందు చక్రం దగ్గరే ఆగిపోయాడు.
గీసి, చెరిపి, గీసి,
అరచెయ్యంతా తెల్లగా.
"నీ కొలతకి పైగొట్టం కురస. తల నిటారు.
అంటే సక్రం నీ కాలి మీదికొచ్చేస్తాది.
నిదానంగా మెలి తిప్పితే బూటు రాసుకుంటాది.
వద్దంటే తల వాల్చాలి.
వాలిస్తే కలెక్టరాఫీసు ఎత్తులో తూలతావు.
ఏది కావాలో నువ్వే సెప్పు."
చిన్న చక్రం వేస్తే? అన్నాను, తెలివిగా.
"ప్రతి గుంటలోనూ దిగి పలకరిస్తాది.
మన రోడ్లు సూడలేదేటి?"

చెప్పు విప్పి
సుద్ద సైకిలు పక్కన నిలబడ్డాను, పెడలు గీసిన చోట.
బొటనవేలు చక్రంలోకి వెళ్ళింది.
అంగుళం కూడా కాదు.
సరే, అన్నాను.
ఆ అంగుళాన్ని అతను చెరపలేదు,
దాని చుట్టూ సున్నా చుట్టాడు.

ఇప్పుడు తెల్లారగట్ల నాలుగున్నరకి
హార్బరు దీపాలు వెనకబడుతుంటే ఎత్తెక్కుతాను.
హ్యాండిలు వేళ్ళ కింద ఊరుకుంటుంది.
దాన్ని పట్టుకున్న సంగతి
సగం దూరంలో మర్చిపోతాను.
వచ్చేటప్పుడు మర్చిపోను.
దిగుడులో తుమ్ము ఆపుకోవడం నేర్చుకున్నాను.

ఆసుపత్రి సైకిల్ స్టాండు ఇరుకు.
అక్కడ మెలి తిప్పినప్పుడల్లా
సర్రుమని చిన్న చప్పుడు.
"రిపేరు చేయించవా అక్కా?" అంటాడు కావలి కుర్రాడు.
కుడి బూటు ముక్కు మీద తోలు లేచిపోయింది.
మొన్న కొత్త జత కొన్నాను.
వారం తిరక్కుండా
అదే చోట.